శిక్షణ ఉచితం.. భోజనం ఉచితం.. మరి చంటిబిడ్డను ఎవరు చూస్తారు?

భద్రాచలం నుంచి చర్ల దాదాపు 60 కిలోమీటర్లు. అక్కడి నుంచి లోపలికి వెళ్తే అడవి, అది దాటితే ఛత్తీస్‌గఢ్. ఆ దారిలోని ఓ గూడెంలో పాతికేళ్ల తల్లిని ఊహించుకోండి. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి ఆరేళ్లు, చిన్నదానికి ఏడాదిన్నర. జనవరి నుంచి మిర్చి ఏరే పని, ఆ తర్వాత ఇప్పపువ్వు, ఎండలు ముదిరాక తునికాకు. ఓ రోజు మహిళా సంఘం మీటింగ్‌లో సీసీ చెబుతారు: "ఖమ్మంలో నెల రోజులు కుట్టు శిక్షణ. అంతా ఉచితం. హాస్టల్, భోజనం వాళ్లదే. పేరు రాయించుకోండి."

ఆమె పేరు రాయించుకుంటుందా?

హైదరాబాద్‌లోనో ఖమ్మం టౌన్‌లోనో ఉండి ఫోన్‌లో ఇది చదువుతున్న మీకు జవాబు తేలిగ్గానే తోచవచ్చు. ఉచితమే కదా, వెళ్లాలి. కానీ ఆమె వేసుకునే లెక్క వేరు. రోజుకు 400 రూపాయల కూలి అనుకుందాం. నెలలో 26 రోజులు పని దొరికితే 10,400 రూపాయలు. అది పోతుంది. చంటిదాన్ని ఎవరి దగ్గర వదలాలి? పెద్దవాడిని బడికి ఎవరు పంపాలి? శిక్షణ అయ్యాక మిషన్ కొనాలంటే డబ్బు ఎక్కడిది? కొన్నా, ఆ గూడెంలో జాకెట్లు కుట్టించుకునేవారు ఎందరు?

పేద తల్లిదండ్రుల కోసం ప్రభుత్వాల దగ్గర పథకాలు లేవని కాదు. చాలానే ఉన్నాయి. ఏది ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ చిక్కు పడుతుంది, ఏం అడగాలి అన్నదే ఈ కథనం.

ముందు తేల్చుకోవాల్సింది: ఉద్యోగమా, స్వయం ఉపాధా?

ఉచిత శిక్షణ అనగానే అన్నీ ఒకటే అనుకుంటాం. నిజానికి గ్రామీణ ప్రాంతాల్లో ప్రధానంగా రెండు దారులున్నాయి. రెండింటి ఉద్దేశం వేరు.

మొదటిది దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. 2014 సెప్టెంబరు 25న మొదలైంది. గ్రామీణ పేద కుటుంబాల్లోని 15 నుంచి 35 ఏళ్ల వారికి ఇది వర్తిస్తుంది. మహిళలకు, దివ్యాంగులకు, కొండరెడ్ల వంటి ఆదిమ గిరిజన తెగల వారికి 45 ఏళ్ల దాకా సడలింపు ఉంది. శిక్షణలో మూడో వంతు మహిళలే ఉండాలి. కనీసం మూడు నెలల శిక్షణ, ఆ తర్వాత జీతంతో ఉద్యోగం చూపించడం దీని లక్ష్యం.

చిక్కు ఆ ఉద్యోగం దగ్గరే ఉంది. ప్రైవేటు కొలువులు ఎక్కువగా ఉండేది హైదరాబాద్ వంటి నగరాల్లో. పెళ్లికాని యువతకు అది మంచి అవకాశం. ఇద్దరు పిల్లల తల్లి నగరంలో గది అద్దె కట్టి, పిల్లల్ని వదిలి, మొదటి జీతంతో బతకాలంటే కష్టం. అలా చూస్తే ఈ పథకం తండ్రులకో, పెద్ద పిల్లలకో ఎక్కువ నప్పుతుంది.

రెండోది గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. అందరూ ఆర్‌సెటీ అంటారు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల సంస్థ, బ్యాంకులు కలిసి పెట్టిన రుడ్‌సెటీ దీనికి నమూనా. ఆ తర్వాత జిల్లాకొకటి చొప్పున లీడ్ బ్యాంకులు నడపాలని కేంద్రం నిర్ణయించింది. ఖమ్మంలో దీన్ని ఎస్‌బీఐ నడుపుతోంది. టైలరింగ్, బ్యూటీ పార్లర్, మొబైల్ రిపేర్, పాడి పశువుల పెంపకం వంటివి నేర్పుతారు. పాడి వంటి కోర్సులు పది రోజుల్లో ముగుస్తాయి. టైలరింగ్‌కు నెల పడుతుంది. శిక్షణ, హాస్టల్, భోజనం ఉచితం. నోటిఫికేషన్లలో సాధారణంగా 18 నుంచి 45 ఏళ్ల వయసు అడుగుతారు. శిక్షణ అయ్యాక రెండేళ్ల పాటు వెన్నంటి ఉండి, బ్యాంకు రుణం ఇప్పించే ప్రయత్నం చేయాలన్నది నిబంధన.

ఊరు వదలలేని తల్లికి ఈ రెండోదే దగ్గర. అయితే సర్టిఫికెట్ చేతికి రాగానే రుణం వచ్చినట్టు కాదు. అది బ్యాంకు మేనేజర్ చేతిలో ఉంటుంది. సంఘంలో పొదుపు, పాత అప్పుల చెల్లింపు సరిగా ఉన్నవారికి దారి సులువు.

కూలి పోకుండా శిక్షణ ఇచ్చే పథకం ఉందా?

ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ. ఇందులో శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల చొప్పున భత్యం ఇస్తారు. ప్రాథమిక శిక్షణ అయిదు నుంచి ఏడు రోజులు. పనిముట్ల కోసం 15,000 రూపాయల ప్రోత్సాహకం, ఆపై 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక మరో 2 లక్షల దాకా రుణం. మొత్తం 18 వృత్తులకు వర్తిస్తుంది. దర్జీలు, తాపీ మేస్త్రీలు, కుమ్మరులు, వడ్రంగులతో పాటు బుట్టలు, చాపలు, చీపుళ్లు అల్లేవారూ అందులో ఉన్నారు. వెదురు పనితో బతికే కుటుంబాలకు ఈ చివరి మాట ముఖ్యం.

రెండు షరతులు గుర్తుంచుకోండి. ఇప్పటికే ఆ పని చేస్తున్నవారికే ఇది. కొత్తగా నేర్చుకునేవారికి కాదు. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. నమోదు కామన్ సర్వీస్ సెంటర్‌లో జరుగుతుంది.

ఈ పథకం వల్ల ఓ విషయం స్పష్టమవుతోంది. శిక్షణకు వచ్చిన మనిషి ఆ రోజు కూలి కోల్పోతాడని ప్రభుత్వానికి తెలుసు. తెలిసే 500 రూపాయలు పెట్టింది. అయిదు రోజుల శిక్షణకు ఇచ్చిన ఆ భత్యం నెల రోజుల శిక్షణకు వెళ్లే గిరిజన తల్లికి ఎందుకు ఉండకూడదన్నది న్యాయమైన ప్రశ్నే.

పిల్లల్ని చూసేదెవరు? వయసును బట్టి జవాబు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులే. ఇక్కడ పిల్లల చదువుకు ఉన్న ఏర్పాట్లను వయసు వారీగా పేర్చి చూస్తే అసలు ఖాళీ ఎక్కడుందో తెలుస్తుంది.

మూడేళ్లలోపు: అంగన్‌వాడీ నుంచి బాలామృతం ప్యాకెట్ ఇంటికి వస్తుంది. పగలంతా బిడ్డను చూసుకునే ఏర్పాటు మామూలు అంగన్‌వాడీలో లేదు.

మూడు నుంచి ఆరేళ్లు: పగటిపూట అంగన్‌వాడీ కేంద్రం. భోజనం, ఆటపాటలు, అక్షరాలు. సాయంత్రానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి.

ఆరు నుంచి ఎనిమిదేళ్లు: ఊళ్లోని ప్రాథమిక పాఠశాల. మధ్యాహ్న భోజనం ఉంటుంది.

ఆ పైన: ఆశ్రమ పాఠశాలలు, గిరిజన గురుకులాలు, ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ఏకలవ్య మోడల్ స్కూళ్లు, బాలికలకు కేజీబీవీలు. చదువు, వసతి, భోజనం, పుస్తకాలు ఉచితం. కేజీబీవీల్లో తల్లిదండ్రులు లేని పిల్లలకు, బడి మానేసిన ఆడపిల్లలకు ముందు సీటు ఇస్తారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం హాస్టళ్ల డైట్ ఛార్జీలను 40 శాతం పెంచింది. మూడు నుంచి ఏడో తరగతి వరకు నెలకు 950 రూపాయలు ఉన్నది 1,330 అయింది. ఎనిమిది నుంచి పది వరకు 1,100 నుంచి 1,540కి చేరింది.

అంటే ఈ అటవీ సరిహద్దులో హాస్టల్ ఒక్క చదువు కోసమే కాదు. తల్లి పనికి వెళ్లాలంటే పిల్లల్ని భద్రంగా ఉంచే చోటు కూడా అదే. పెద్ద పిల్లలున్న తల్లి ఖమ్మం వెళ్లి నెల రోజులు ఉండగలదు. ఒళ్లో బిడ్డ ఉన్న తల్లికి అత్తో అమ్మో లేకపోతే గడప దాటే వీల్లేదు. శిక్షణ ఎక్కువగా అవసరమయ్యేదీ, ఆ తర్వాత పాతికేళ్లు సంపాదించగలిగేదీ ఆ వయసు తల్లులే. పథకం వారి దగ్గరే ఆగిపోతోంది.

ఇది మనకు కొత్త ఆలోచన కూడా కాదు. ఢిల్లీలో భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం మొబైల్ క్రెషెస్ సంస్థ 1969లోనే పని మొదలుపెట్టింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోటికి ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి వస్తే, వారిని చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి కట్టాలని చెప్పింది. పక్కనే ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో ఫుల్వారీ పేరుతో తల్లులే వంతుల వారీగా పసిపిల్లల్ని చూసుకునే కేంద్రాలు నడిచాయి. కేంద్రం పాల్నా పథకం కింద అంగన్‌వాడీలకే క్రెష్‌ను జోడించే పద్ధతి తెచ్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం ఉద్దేశించింది అది. మట్టి పని చేసే తల్లి బిడ్డకు ఉన్న హక్కు, కుట్టు నేర్చుకునే తల్లి బిడ్డకు మాత్రం లేదు. శిక్షణ కేంద్రంలో ఒక గది, ఒక ఆయా, ఉయ్యాల.. ఇంతే కదా కావాల్సింది.

కుట్టు మిషన్ కన్నా ఇంటర్ మెమో ఎక్కువ పనికొస్తుందా?

చాలామంది తల్లుల విషయంలో అవుననే చెప్పాలి.

ఊళ్లోనే ఉండి చేసుకునే ఉద్యోగాలు ఏవి? అంగన్‌వాడీ టీచర్ ఒకటి. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ పోస్టుకు ఇంటర్ చదివి ఉండాలి, వయసు 18 నుంచి 35 మధ్య ఉండాలి. ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోయిన పాతికేళ్ల తల్లికి ఇంకా పదేళ్ల గడువుంది. కానీ పది, ఇంటర్ పూర్తి చేయాలి.

దానికి దారి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ. 14 ఏళ్లు నిండితే ఓపెన్ టెన్త్‌లో, 15 నిండితే ఓపెన్ ఇంటర్‌లో చేరవచ్చు. ఇంటర్‌కు పది పాసై ఉండాలి. గరిష్ఠ వయసు పరిమితి లేదు. రోజూ బడికి వెళ్లక్కర్లేదు. సెలవు రోజుల్లో స్టడీ సెంటర్‌లో తరగతులు ఉంటాయి. ఒక్కసారే అన్ని సబ్జెక్టులూ గట్టెక్కాలన్న ఒత్తిడి లేదు. అడ్మిషన్ అయిదేళ్లు చెల్లుతుంది, ఈలోగా విడతల వారీగా రాసుకోవచ్చు. ఫీజులో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు రాయితీ ఉంది. మిర్చి సీజన్‌లో చదువు పక్కన పెట్టి, వానాకాలంలో మళ్లీ పుస్తకం పట్టుకునే వెసులుబాటు ఇందులో ఉంది. ఈ ప్రాంతపు కూలి క్యాలెండర్‌కు సరిపోయేది ఇదే.

చదవడం, రాయడం అసలు రానివారికి ఉల్లాస్ కార్యక్రమం ఉంది. 15 ఏళ్లు దాటిన వారికి వాలంటీర్లు ఊళ్లోనే నేర్పుతారు. 2022 నుంచి 2027 దాకా నడిచే కేంద్ర కార్యక్రమం ఇది. ఇంటర్ దాటినవారికి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం డిగ్రీ అవకాశం ఇస్తుంది.

ఒకే వీధి.. రెండు రాష్ట్రాలు

ఈ ప్రాంతానికి మాత్రమే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. 2014లో పోలవరం ముంపు పేరుతో అప్పటి ఖమ్మం జిల్లా నుంచి కూనవరం, చింతూరు, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడులో కొంత భాగం, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది. దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రకు వెళ్లింది. సంత ఒకటే, ఆసుపత్రికి వచ్చేది ఒకచోటికే. పథకాలు మాత్రం వేరు.

ఎటపాక వైపు తల్లికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు తల్లికి వందనం వర్తిస్తుంది. 2025 జూన్‌లో మొదలైన ఈ పథకంలో ఒకటి నుంచి ఇంటర్ దాకా చదివే ఒక్కో బిడ్డకు 15,000 రూపాయలు. అందులో 2,000 బడుల నిర్వహణకు మినహాయించి 13,000 తల్లి ఖాతాలో వేస్తారు. పిల్లలకు 75 శాతం హాజరు ఉండాలి. భద్రాచలం వైపు తల్లికి ఇలా నేరుగా నగదు ఇచ్చే పథకం లేదు.

బస్సుల సంగతీ అంతే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. రెండూ ఆయా రాష్ట్రాల మహిళలకు, ఆయా రాష్ట్రాల పరిధిలోనే. చర్ల తల్లి భద్రాచలం మీదుగా ఖమ్మం దాకా జీరో టికెట్‌తో వెళ్లొచ్చు. ఎటపాక తల్లికి ఇంటి ముందున్న భద్రాచలం ఐటీడీఏ వర్తించదు. ఆమె చింతూరు ఐటీడీఏ పరిధిలోకి వస్తుంది.

ఇంకా గట్టి దెబ్బ తగిలేది ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడ్డ గుత్తికోయ కుటుంబాలకు. 2005 తర్వాత సల్వాజుడుం కాలపు హింసకు భయపడి ఎందరో ఇటు వచ్చారు. ఒక రాష్ట్రంలోని ఎస్టీ హోదా మరో రాష్ట్రంలో ఆటోమేటిక్‌గా చెల్లదు. కుల ధ్రువపత్రం లేకపోతే బిడ్డకు ఎస్టీ కోటాలో గురుకులం సీటు, స్కాలర్‌షిప్ కష్టం. తల్లికి ఐటీడీఏ శిక్షణ కష్టం. ఇంట్లో కోయ తప్ప మరో భాష తెలియని తల్లికి తెలుగులో సాగే శిక్షణ మరో అడ్డు. అందరికన్నా పేదలైన వారికి పథకాలు అందరికన్నా దూరంగా ఉండటం ఇక్కడ కళ్లకు కనిపిస్తుంది.

మరి ఎక్కడ ఫలించింది?

భద్రాచలంలో ఐటీడీఏ ప్రోత్సాహంతో గిరిజన మహిళలు చిరుధాన్యాల బిస్కెట్లు తయారు చేస్తున్నారు. పేరు భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్. 2025 జూన్ 29న ప్రధాని మోదీ మన్ కీ బాత్‌లో వీరి గురించి చెప్పారు. ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్లిన మహిళలే ఈ పని చేస్తున్నారని, బిస్కెట్లు లండన్ దాకా వెళ్తున్నాయని అన్నారు. గిరి శానిటరీ ప్యాడ్లు కూడా మొదలుపెట్టి మూడు నెలల్లో 40 వేలు తయారు చేశారని, వాటిని దగ్గర్లోని బడులకు, ఆఫీసులకు తక్కువ ధరకు అందించారని వివరించారు.

ఇక్కడ పనిచేసినవి మూడు. శిక్షణ ఇంటికి దగ్గర్లో జరిగింది. ఒంటరిగా కాకుండా సంఘంగా చేశారు. సరుకు కొనేవారు ముందే ఉన్నారు. ప్రభుత్వ బడుల యూనిఫాంల కుట్టుపనిని మహిళా సంఘాలకు ఇచ్చిన తెలంగాణ నిర్ణయంలోనూ ఇదే సూత్రం ఉంది. 2024లో జతకు కుట్టుకూలిని 75 రూపాయలకు పెంచారు. గూడెంలో జాకెట్లకు గిరాకీ లేకపోవచ్చు. ఆ మండలంలోని బడి పిల్లలందరికీ యూనిఫాం మాత్రం కావాలి. ఆ ఆర్డర్ చేతిలో ఉంటే నేర్చుకున్న కుట్టు అన్నం పెడుతుంది. లేకపోతే సర్టిఫికెట్ పెట్టెలో ఉంటుంది.

మీకు తెలిసినవారికి ఇవి చెప్పండి

ఈ కథనం చేరాల్సిన తల్లి చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండకపోవచ్చు. మీ ఇంట్లో పనిచేసే ఆమెకో, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కో, ఊళ్లో ఉన్న మీ బంధువులకో ఈ ప్రాంతంతో సంబంధం ఉంటే చెప్పాల్సినవి ఇవి.

• పేరు ఇచ్చే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి: ఎన్ని రోజులు? హాస్టల్‌లో చంటిబిడ్డను ఉండనిస్తారా? టూల్‌కిట్ లేదా రుణం ఎవరు ఇప్పిస్తారు? తయారు చేసింది ఎవరు కొంటారు?

• ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, చదివిన తరగతి సర్టిఫికెట్, ఫొటోలు ఒక కవర్లో సిద్ధంగా ఉంచుకోవాలి. ఆధార్‌లో, బడి రికార్డులో పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోవాలి. చాలా దరఖాస్తులు ఆగేది అక్కడే.

• బ్యాంకు ఖాతా ఆధార్‌తో లింకై ఉండాలి. స్కాలర్‌షిప్ అయినా భత్యం అయినా ఆ ఖాతాలోకే వస్తుంది.

• ఆర్‌సెటీ శిక్షణలో ఒక బ్యాచ్‌కు 25 నుంచి 35 మంది ఉంటారు. అంతమంది ఒకే మండలం నుంచి ఉంటే, శిక్షణను అక్కడే పెట్టాలని మండల సమాఖ్య తీర్మానం చేసి అడగవచ్చు. ఒంటరిగా అడిగితే వినని చోట సంఘం అడిగితే వింటారు.

• భద్రాచలం ఐటీడీఏలో ప్రతి సోమవారం గిరిజన దర్బార్ జరుగుతుంది. అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి, నకలు దగ్గర పెట్టుకోవాలి.

• ఈ గ్రామీణ పథకాలు పట్టణవాసులకు వర్తించవు. పట్టణ మహిళా సంఘాల వారు మున్సిపాలిటీలోని మెప్మా సిబ్బందిని కలవాలి.

ఏం మారాలి?

పెద్ద బడ్జెట్ అక్కర్లేని మార్పులు మూడు కనిపిస్తున్నాయి. మిర్చి, తునికాకు సీజన్లు తప్పించి జూలై తర్వాత బ్యాచ్‌లు పెట్టడం. శిక్షణ జరిగే చోట పసిపిల్లలకు ఒక గది, ఒక ఆయా. విశ్వకర్మలో ఇస్తున్నట్టే రోజు భత్యం. నాలుగోది కాస్త కష్టమైనది: సరిహద్దు మండలాల్లో రెండు ఐటీడీఏలూ కూర్చుని, ఏ వైపు తల్లి అయినా దగ్గర్లోని కేంద్రంలో నేర్చుకునేలా ఒప్పందం చేసుకోవడం.

మళ్లీ ఆ చర్ల తల్లి దగ్గరికి వద్దాం. సీసీ అడిగిన ప్రశ్నకు ఆమె "ఇప్పుడు కుదరదమ్మా" అంటే, రిజిస్టర్‌లో పడేది "ఆసక్తి లేదు" అన్న మాట. ఆసక్తి లేక కాదు. చంటిదానికి ఏడాదిన్నరే. ఆ రిజిస్టర్‌లో ఇంకో కాలమ్ చేర్చి, ఎందుకు రాలేకపోతున్నారో రాస్తే, వచ్చే ఏడాది పథకం ఎలా ఉండాలో ఆ కాలమే చెబుతుంది.